సున్నం వేసింది నేనే

ఒకటో రోజు

రాసుకో పెట్టె. నా పేరు తిప్పక్క. ఊరు సున్నపుమిట్ట. వయసు ఎంతో నాకు తెలియదు. మడ్డిచెరువుకు మొదటి కట్ట పోసిన ఏడు నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు ఆ కట్ట మీద ఏడో వరస పోస్తున్నారు. కావాలంటే నువ్వే లెక్క కట్టుకో.

ఈ పెట్టెను నిన్న సమీక్ష మండలి వాళ్ళు, చెరువునూ ఊరినీ కలిపి చుట్టిన కంచె లోపల ఇంటింటికీ ఒకటి ఇచ్చి వెళ్ళారు. బెల్లం అచ్చంత ఉంది. చదువు రానివాళ్ళు చెబితే ఇదే రాసిపెడుతుందట. మన మాట ఎట్లా ఉన్నా అచ్చు తెలుగులోకి మార్చి రాస్తుందట. మార్చనీ. ఆఫీసు వాళ్ళ ముందుకు ఉతికిన చీర కట్టుకుని పోయినట్టు ఉంటుంది. కానీ ఎదుటివాళ్ళు నాతో అన్నవి, వాళ్ళతో నేను అన్నవి మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు, వాటికి ఇస్త్రీ చేయకు అని గట్టిగా చెప్పాను. సరేనంది.

రోజూ చెప్పడం అయ్యాక ఉంచాలా, చెరపాలా అని అడుగుతుంది. విచారణ నాడు నేను ఒప్పుకుంటేనే ఇదంతా మండలికి చేరుతుంది. అంతదాకా నా మాట నా నోట్లో ఉన్నట్టే.

ముందు వేలిముద్ర అడిగింది. మా వదిన ఈరక్క, అంటే మా అన్న పెళ్ళాం, వేలు పెట్టగానే తీసుకుంది. నేను పెడితే కీచుమంది. గీతలు లేవంది. తుడిచి పెట్టాను, ఎంగిలి అద్ది పెట్టాను. లేవంటే లేవంది.

ఈరక్కకు నవ్వు ఆగలేదు. "ఏమ్మే తిప్పక్కా, ఈ పెట్టె లెక్కన నువ్వు పుట్టనే లేదంట! ఇంతకాలం నేను కొట్లాడింది ఎవరితోనో?"

ఆఖరుకు నా గొంతును గుర్తుగా తీసుకుంది.

ఇప్పుడు సంగతి. గనిలో రాయిని పిండి చేసి అందులోంచి బంగారం తీయడానికి సైనైడ్ కలుపుతారు. మేం దాన్ని మందు అంటాం. బంగారం వాళ్ళు తీసుకుంటారు, మిగిలిన మడ్డి మందుతో సహా మా చెరువులోకి వస్తుంది. నీళ్ళలో సున్నం ఉన్నంతసేపు మందు పడుకుని ఉంటుంది. సున్నం తగ్గిందా, లేచి గాలిలో కలుస్తుంది. అందుకని నలభై మంది ఆడవాళ్ళం మిట్ట మీద, ఎండను ఒకచోటికి మళ్ళించే అద్దాల బట్టీలో సున్నపురాయి కాల్చి, బుట్టలతో మోసి, ఆ చెరువుకు సున్నం పెట్టాం. మా అమ్మ చేసింది. నేను చేశాను.

చాలిందో లేదో చూసే పద్ధతి మాకు ఒకటే. పసుపు పట్టించిన నూలుదారం మణికట్టుకు చుట్టుకుని పోతాం. సున్నం వంచాక ఒక ముక్క తెంపి, కర్ర కొసకు కట్టి నీళ్ళలో ముంచుతాం. పారాణి రంగు తిరిగితే చాలినట్టు. పసుపు పసుపుగానే ఉంటే ఇంకో బుట్ట. మొగుడు పోయినదానికి చేతికి పసుపుదారం ఏమిటని అడిగినవాళ్ళకు, ఇది చెరువు కట్టిన దారం అని చెప్పేదాన్ని.

రెండేళ్ళ కిందట కొత్త కంపెనీ వచ్చింది. పాత మడ్డిలో మిగిలిన బంగారం తోడుకుంటుందట. మందును తినే పాచి తెచ్చి చెరువులో వదిలింది. ఆ పాచికి సున్నం పడదు. అందుకని సున్నం ఆపేశారు, బట్టీ అద్దాలు మడిచేశారు, నలభై మందినీ ఇంటికి పొమ్మన్నారు. ఇప్పుడు ముప్పై ఏళ్ళకు లైసెన్సు అడుగుతున్నారు. ఇరవై ఒక్క రోజుల సమీక్షలో కంచె లోపలివాళ్ళు ఎవరైనా కాదని నిరూపిస్తే ఆగుతుంది. లేకపోతే ముప్పై ఏళ్ళు ఆ చెరువులో చిటికెడు సున్నం పడదు. అప్పటికి సున్నపుమిట్టలో సున్నమూ ఉండదు, మనుషులూ ఉండరు.

నా మాట ఒక్కటే. ఇవ్వొద్దు.

ఉంచాలా, చెరపాలా అంది. ఉంచు.

నాలుగో రోజు

పొద్దున మంచు పట్టే వలల నుంచి మూడు చెంబుల నీళ్ళు వచ్చాయి. ఒకటి తాగడానికి, ఒకటి వంటకు, ఒకటి ఈరక్క మేకలకు. ఆ మేకలు నాకేమీ కావు. కానీ నీళ్ళు పోయకపోతే నా గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తాయి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాసుకో.

మిట్టమధ్యాహ్నం కంపెనీ కూత వేయగానే మనుషులు నీడకు పోతారు, యంత్రాలు షెడ్డుకు పోతాయి. చెరువు మీద కాపలా తిరిగే యంత్రాలను మేం గద్దలంటాం. ఆ ఎండకు అవి కూడా ఎగరలేవు. ఆ వేళ నేను పోతాను. మిట్ట వెనక, కంచె అవతల, పాత గుంటలో మేం మిగిల్చిన సున్నం ఉంది. ఒక బుట్టెడు ఎత్తుకుని, తడిగుడ్డ కప్పి, కంచె సందులోంచి లోపలికి దూరి, తూర్పు తూము దగ్గర మడుగులో వంచి వస్తాను. చెరువంతా పెద్దది, నా వల్ల కాదు. ఊరికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఆ మూలే. మడ్డి మేట వేసి దాన్ని చెరువు నుంచి వేరు చేసింది, బావి అంత మడుగు. దానికి రోజుకు ఒక బుట్ట చాలు. దారం ముంచి, ఎర్రబడింది చూసుకుని, ఉత్త బుట్టను మళ్ళీ గుంటలో పెట్టి వస్తాను. రెండేళ్ళుగా ఇదే. ఎవరికీ చెప్పలేదు. ఈరక్కకు కూడా.

ఈ పొద్దు సాయంత్రం మేనేజరు వేణుధర్ వచ్చాడు. చల్లగాలి చొక్కా తొడుక్కున్నాడు, అది గుర్రుగుర్రుమంటోంది. రెండు బొమ్మలు చూపించాడు. ఎండలో చెడి షెడ్డు దాకా పోలేక కట్ట మీదే పడిపోయిన గద్ద ఒకటి కన్ను మూయలేదట. దాని కంట పడ్డాను నేను, తలమీద బుట్టతో.

"ఏందవ్వా ఇది? ఈ వయసులో మడ్డి దొంగతనమా?"

నాకు మొదట అర్థం కాలేదు. పక్కూళ్ళలో కొందరు మడ్డి ఎత్తుకుపోయి ఇంట్లో కడిగి రవ్వంత బంగారం తీస్తారని విన్నాను. నన్ను ఆ జాబితాలో కలిపాడు.

"పెట్టెలో ఏమేమో చెప్తాండావంట. అదంతా చెరిపేయించుకో. ఈ బొమ్మలు నేను చెరిపేస్తా. సరికి సరి."

"నాయనా, ఆ చొక్కా కొంచెం ఆపు. నువ్వు చెప్పేది ఇనపడతాండ్లేదు."

నిజంగానే ఆపాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

"ఇనపడింది. ఇప్పుడు పో," అన్నాను.

ఉంచాలా, చెరపాలా? ఉంచు. సున్నం మాట కూడా ఉంచు.

ఆరో రోజు

మండలి నుంచి సమీక్షాధికారి వచ్చింది. ఫర్జానా అట పేరు, ఆదోని వైపు పిల్ల. మోకాళ్ళ దాకా బూట్లు. ఆ బూట్లు గడప బయట విప్పి లోపలికి వచ్చింది కాబట్టి నా నీళ్ళలో సగం గ్లాసు ఇచ్చాను.

నేను దారం సంగతి చెప్పాను. పాచి పైన జానెడు మేర మందును తింటుందే తప్ప కిందికి దిగదని చెప్పాను. అంతా విని, కాగితం విప్పింది.

"అవ్వా, నీ మాట నేను కాదంటల్లేదు. కానీ కంపెనీ చేతిలో ఒక లెక్క ఉంది. తూము కాడ వాళ్ళ కొలతయంత్రం చూసినావు కదా? నీళ్ళనూ కొలుస్తుంది, గాలినీ కొలుస్తుంది. విషం లేస్తే దాని దీపం ఎర్రగా వెలగాల. రెండేండ్లలో ఒక్కరోజు వెలగలేదు."

"ఏ తూము కాడ?"

"తూర్పు తూము. ఊరికి దగ్గర మూలనే పెట్టాలని చట్టం. సున్నం మానేసినా అక్కడ నీళ్ళు సున్నం వేసినట్టే ఉన్నాయవ్వా. అదంతా పాచి గొప్పతనమే అంటాండారు. ఆ ఒక్క లెక్క మీదనే లైసెన్సు అడుగుతాండారు."

ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతోంది. నాకు చెవిలోకి దిగలేదు. ఆ యంత్రం పెట్టిన స్తంభం పక్కనే రోజూ నిలబడి సున్నం వంచేదాన్ని. నీడ కోసం దానికి ఆనుకునేదాన్ని కూడా. చట్టం ఊరిని చూసి యంత్రాన్ని అక్కడ పెట్టింది. నేను ఊరిని చూసి సున్నం అక్కడ వేశాను. వాళ్ళు సున్నం అక్కర్లేదని చూపించే లెక్క మొత్తం నా సున్నం లెక్క.

కంపెనీకి రెండేళ్ళు వెట్టి చేశాను, దొంగతనంగా, ఎండలో, నడుం విరిగేట్టు.

"ఏమవ్వా, ఒంట్లో బాగలేదా?" అంది ఫర్జానా.

"బాగుంది పాపా. నీళ్ళు తాగు."

ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. ఆమె పోయాక తల గోడకు ఆనించి కూర్చున్నాను. ఉంచు, ఇది కూడా ఉంచు. అడగకముందే చెబుతున్నాను.

ఏడో రోజు

ఈరక్కకు చెప్పాను. నములుతున్న వక్క నోట్లోనే ఆగిపోయింది.

"అంటే ఏమ్మే, రెండేండ్లు నువ్వు మోసింది మనకు కాదా? వాళ్ళకా?"

"ఇద్దరికీ ఒదినా."

"తూ! నాకు ఒక మాట చెప్పింటే?"

"చెప్పింటే నువ్వూ ఒక బుట్ట మోసిందువు. వాళ్ళ లెక్క ఇంకా బాగుండు."

ఆమె కాసేపు తిట్టింది. నేను తిట్టించుకున్నాను. తరువాత ఇద్దరం కలిసి రేషన్ అంగడి అరుగు మీదికి ఊరిని పిలిచాం. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ పొద్దు నుంచి సున్నం వేయను, యంత్రం తనకు కనబడింది చెప్పుకోనీ, కానీ మూడు నాలుగు రోజుల్లో మందు లేస్తుంది, పడమటి గాలి దాన్ని ఊరి మీదికి తెస్తుంది, కాబట్టి అందరం గాలి తగలని గొర్రెలగుట్ట మీద దొడ్లలో ఉందాం అన్నాను.

గొడవ అయింది. కాకుండా ఎట్లా ఉంటుంది? ఒకాయన లేచి, "ఇన్నాళ్ళు కాపాడినదానివి ఇంకో పద్నాలుగు రోజులు కాపాడలేవా?" అన్నాడు.

"కాపాడతా. పద్నాలుగు దినాల తర్వాత ముప్పై ఏండ్లు నువ్వు కాపాడతావా?"

కూర్చున్నాడు.

ఊరంతా మూటలు కట్టింది. ఈరక్క తన పదకొండు మేకలను తోలుకుని అందరికన్నా ముందు గుట్ట ఎక్కింది. మధ్యాహ్నం కూత విన్నప్పుడు నా కాళ్ళు వాటంతటవే కంచె వైపు కదిలాయి. రాయి మీద కూర్చుని రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాను.

పదో రోజు

గుట్ట దిగి తూము దగ్గరికి పోయి దారం ముంచి వచ్చాను. మొన్న ఎర్రగా వచ్చింది. నిన్న ఇటుక రంగు. ఈ పొద్దు పసుపు పసుపుగానే ఉంది, పెళ్ళిపీటల మీది పిల్ల మొహంలాగా. ఇంతకాలం ఆ రంగు చూస్తే బుట్టకోసం పరుగెత్తేదాన్ని. ఈ పొద్దు దాన్ని కొంగున ముడేసుకుని వచ్చాను.

వాసన కూడా మొదలైంది. చేదు. ముక్కుకన్నా ముందు గొంతుకు తెలుస్తుంది. అందరికీ రాదు ఆ వాసన, కొందరికే పట్టుబడుతుంది. నాకు వస్తుంది. ఈరక్కకు జీవితంలో రాలేదు.

స్తంభం మీద దీపం ఎర్రగా వెలుగుతోంది. రెండేళ్ళలో మొదటిసారి.

పన్నెండో రోజు

ఈరక్క మేకలు మూడు పోయాయి.

మేత లేక దొడ్డి దాటి కట్ట కిందికి దిగాయి. ఆమె వాటి వెనక పోయింది. వాసన రాని మనిషి, ఏమీ తెలియలేదు. మేకలు కాళ్ళు తన్నుకుంటూ పడిపోతుంటే, వాటిని ఎత్తబోయి ఆమె కూడా మోకాళ్ళ మీద కూలింది. నేను గుట్ట మీది నుంచి చూసి కేకలు పెడితే ఇద్దరు మగవాళ్ళు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పోయి ఈడ్చుకొచ్చారు. రెండుసార్లు వాంతి చేసుకుంది. సాయంత్రానికి కళ్ళు తెరిచి నన్నే చూసింది.

"నీ సున్నం ఉన్నింటే నా మేకలుండు."

"ఉండు ఒదినా."

"నాతో మాట్లాడాకు."

అటు తిరిగి పడుకుంది.  ఆమె అన్నది నిజం. ఈ ఒక్కటి మాత్రం పెట్టె అడిగినప్పుడు చెరుపు అనబోయి ఆగాను. మళ్ళీ అడిగింది. ఉంచు అన్నాను.

పదిహేనో రోజు

కంపెనీవాళ్ళు కొలతయంత్రం విప్పి కొత్తది పెట్టారు. దాని దీపం కూడా ఎర్రగానే వెలిగింది. ఇంకొకటి పెట్టారు. అదీ అంతే. అప్పుడు మండలికి అర్జీ పెట్టారట. ఆ మాట చెప్పడానికి ఫర్జానా గుట్ట ఎక్కి వచ్చింది, ఆయాసపడుతూ.

"రెండేండ్లు మంచిగా ఉన్న లెక్క ఐదారు రోజుల్లో చెడిందంటే అది యంత్రాల జబ్బే తప్ప చెరువు జబ్బు కాదంటాండారు అవ్వా. ఈ రోజుల లెక్క కొట్టేయమంటాండారు. మండలి పెద్దలు ఒప్పుకునేటట్టే ఉన్నారు. నీళ్ళు ఉన్నట్టుండి ఎందుకు మారినాయో ఎవరికీ తెలీదు కదా."

"నాకు తెలుసు."

"ఏంది?"

చెప్పాను. ఆ పిల్ల పక్కనున్న రాయి మీద నెమ్మదిగా కూర్చుంది.

"ఎంత పని చేసినావవ్వా! సమీక్షలో ఉన్న చెరువులో ఏదైనా కలిపితే శిక్ష ఏందో తెలుసా? మూడేండ్లు కంచె బయటికి పంపిస్తారు. ఊళ్ళో అడుగు పెట్టనీయరు. కంపెనీ నీ మీద పెట్టింది మడ్డి దొంగతనం కేసు. దానికి మందలించి ఇడిచిపెడతారు. ఆలోచించుకో."

"ఊరి నుంచి పొమ్మంటారా?"

"అంతే."

నేను ఈ మిట్ట దాటి నిద్ర చేసింది నా పెళ్ళికి మూడు రాత్రులు, మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు పదకొండు రాత్రులు. అది చెబితే ఆ పిల్ల ఇంకా బాధపడుతుందని చెప్పలేదు.

"రాసుకో పాపా. సున్నం ఏసింది నేనే."

పదిహేడో రోజు

వేణుధర్ గుట్ట ఎక్కాడు. ఈసారి చొక్కా ముందే ఆపుకుని వచ్చాడు. ఫర్జానా నా మాటను మండలికి పంపిందని వాళ్ళకు తెలిసిపోయింది.

"అవ్వా, పెద్దదానివి. మడ్డి ఎత్తుకుపోయినానని ఒక్క మాట ఒప్పుకో. నేనే నిలబడి కేసు కొట్టేయిస్తా. నీ ఊళ్ళో నువ్వుంటావు."

"నేను మడ్డి ఎత్తలేదే."

"ఎత్తలేదని తెలుసులే."

"అయితే దొంగతనం ఎందుకు ఒప్పుకోవాల?"

"సున్నం ఏసినానని ఎందుకు ఒప్పుకుంటాండావో ఇదీ అందుకే!" అని గట్టిగా అరిచాడు. అరిచాక తనకే సిగ్గేసినట్టుంది, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నీ మాట నిలబడదవ్వా. సున్నం ఏసినట్టు సాక్ష్యం యాడుంది? ఎవరు చూసినారు?"

అది మాత్రం నిజం. ఎవరూ చూడకుండా చేయడమే కదా నేను రెండేళ్ళు నేర్చుకున్నది. గుంట చూపిస్తే ఊరంతా ఇళ్ళకు పూసుకుందని అంటారు. ఎర్రబడిన దారాలు చూపిస్తే ఇంట్లో ముంచుకున్నానని అంటారు. సాక్ష్యం లేకుండా నేరం చేయడం కష్టమని విన్నాను. సాక్ష్యం లేని నేరాన్ని నిరూపించుకోవడం అంతకన్నా కష్టంగా ఉంది.

ఉంచు.

ఇరవయ్యో రోజు

విచారణ రేషన్ అంగడిలో జరిగింది. గుట్ట మీది నుంచి అందరం ముక్కుకు తడిగుడ్డలు కట్టుకుని దిగాం. గోడ మీద తెరలో మండలి పెద్దలు ముగ్గురు కనబడ్డారు. మధ్యాయన దగ్గుతున్నాడు, తెరలో దగ్గు మాకు ఏం అంటదులే అనుకున్నాను. ఫర్జానా బల్ల దగ్గర. వేణుధర్ ఇంకో బల్ల దగ్గర.

మొదట ఫర్జానా నన్ను అడిగింది, పెట్టెలో ఉన్నదంతా మండలికి ఇస్తున్నావా అని. ఇస్తున్నాను అన్నాను.

తరువాత వేణుధర్ లేచాడు. ఈమె మడ్డి దొంగతనానికి వచ్చి పట్టుబడి, ఇప్పుడు సున్నం కథ అల్లుతోందని, వృద్ధురాలు కాబట్టి మండలి దయతలచి దొంగతనం కేసు కూడా వదిలేయాలని, రెండేళ్ళ లెక్క మాత్రం నిలబెట్టాలని చెప్పాడు. చదివినట్టు చెప్పాడు. నాకోసం దయ అడిగినప్పుడు గొంతు కూడా తగ్గించాడు.

మధ్యాయన నన్ను చూశాడు. "ఏమమ్మా, నువ్వేమంటావు?"

"సామీ, ఆ బొమ్మలు ఒకసారి గోడ మీద ఏయించండి."

వేశారు. రెండు బొమ్మలు. ఒకటి నేను కంచె లోపలికి పోయేది, ఒకటి బయటికి వచ్చేది.

"పోయేటప్పుడు నా మెడ సూడండి. కుంగిపోయింది. ఒక చెయ్యి బుట్ట మీద, ఒక చెయ్యి నడుం మీద. వచ్చేటప్పుడు సూడండి. బుట్ట బోర్లించి నెత్తిన టోపీ మాదిరి పెట్టుకున్నా. దొంగ నిండు బుట్టతో పోయి ఉత్త బుట్టతో వస్తాడా సామీ? అట్లాంటి దొంగలు ఈ కంపెనీకి ఇంకో పదిమంది దొరికితే బాగుపడతారు."

అంగడిలో నవ్వులు. ఎడమపక్క ఆయన కూడా నవ్వు ఆపుకున్నాడు. వేణుధర్ మాత్రం తొందరగా అందుకున్నాడు. "నిండు బుట్టనే అనుకుందాం. అందులో సున్నం ఉందని ఎట్లా చెప్తారు? చెత్త ఉండచ్చు, రాళ్ళు ఉండచ్చు."

నేను బల్ల దగ్గరికి పోయి పెట్టె మీద బొటనవేలు పెట్టాను. కీచుమంది. గీతలు లేవంది, అందరూ విన్నారు.

"సున్నం పని చేసేవాళ్ళ ఏలికి గీతలుండవు సామీ. సున్నం తినేస్తుంది. పని మానేస్తే రెండు నెలల్లో మళ్ళీ వస్తాయి. కంపెనీ మమ్మల్ని మాన్పించి రెండేండ్లయింది. ఊళ్ళో ఇంకెవరూ సున్నం ముట్టలేదు. నావి ఎందుకు రాలేదు?"

"ముసలితనానికి అరిగింటాయి," అన్నాడు వేణుధర్.

అప్పుడు వెనక నుంచి ఈరక్క లేచింది. ఎనిమిది రోజులుగా నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. కర్ర ఊతంతో మెల్లగా వచ్చింది, నన్ను భుజంతో పక్కకు నెట్టింది.

"ముసలితనమంటే నేను దీనికన్నా నాలుగేండ్లు ముసలిదాన్ని. ఇది బుట్ట ఎత్తేటప్పటికే నేను సున్నం తొక్కినా."

బొటనవేలు పెట్టింది. పెట్టె చక్కగా పలికింది: ఈరక్క, సున్నపుమిట్ట.

"మిగతా వాళ్ళూ రాండమ్మే," అంది వెనక్కి తిరిగి.

వచ్చారు. పాత సున్నపు పనివాళ్ళలో ఊళ్ళో మిగిలినవాళ్ళు ఇరవై ఆరు మంది. వరసగా వేలు పెట్టారు. ఇరవై ఆరు పేర్లూ పలికింది. ఆఖరున ఈరక్క నా మణికట్టు పట్టుకుని నా వేలిని తానే పెట్టె మీద అదిమింది. కీచుమంది.

 నేను వేణుధర్ వైపు తిరిగాను.

"నాయనా, నేను సున్నం ఏసింటే నీ రెండేండ్ల లెక్క నా సున్నం లెక్క. అది పాచిది కాదు. నేను ఏయలేదంటే, ఈ దినాల్లో మూడు యంత్రాలకూ ఎర్రదీపం ఎందుకు ఎలిగిందో నువ్వు చెప్పు. ఏది కావాల్నో కోరుకో."

అతను కాగితాలు సర్దుకున్నాడు. చివరికి మండలి వైపు చూసి, వృద్ధురాలి మీద ఉన్న కేసులన్నీ కంపెనీ వెనక్కి తీసుకుంటుంది అన్నాడు.

"తీసుకోగూడదు!" అన్నాను. ఇంత గట్టిగా నా పెళ్ళిలో కూడా అరవలేదు. "సామీ, అతను తీసుకుంటే తీసుకోనీ, మీరు ఒప్పుకోవద్దండి. నేను తప్పు చేసినా. రెండేండ్లు రోజూ చేసినా. నాకు శిక్ష ఏయండి. ఏసి, ఎందుకేసినారో కాగితం మీద రాయండి. సున్నం కలిపినందుకు అని రాయండి. ఆ ఒక్క మాట రాయకుండా ఈడ నుంచి పోను."

ఫర్జానా తలొంచుకుని రాస్తోంది. కుడిచేతితో రాస్తూ ఎడమచేతితో కళ్ళు తుడుచుకుంది. దగ్గే పెద్దాయన చాలాసేపు దగ్గలేదు.

ఇరవై ఒకటో రోజు

పొద్దున తీర్పు వచ్చింది. ఫర్జానా చదివి వినిపించింది. సున్నపుమిట్ట నివాసి తిప్పక్క సమీక్ష కాలంలోనూ అంతకుముందూ తూర్పు తూము మడుగులో సున్నం కలిపినట్టు రుజువైంది కాబట్టి ఆమెను మూడేళ్ళు కంచె బయట ఉంచాలి. అదే కారణంగా కంపెనీ చూపిన రెండేళ్ళ కొలతలు చెల్లవు కాబట్టి లైసెన్సు ఇవ్వడం లేదు. మడ్డి తోడే పని ఆపాలి. చెరువుకు వెంటనే సున్నం మొదలుపెట్టాలి, కొలతలు చెరువు నాలుగు మూలలా తీయాలి.

మొదటి ముక్క మళ్ళీ చదివించుకున్నాను. సున్నం కలిపినట్టు రుజువైంది. రెండుసార్లు చదివించుకున్నాను.

అద్దాల బట్టీ మీద ఆడవాళ్ళు అప్పుడే ఎక్కి అద్దాలు విప్పుతున్నారు. ఒక్కొక్కటీ ఎండకు తిరిగినప్పుడు ఊరంతా మెరుస్తోంది. కొత్తగా చేరిన పిల్లలకు బుట్ట ఎత్తే వాటం తెలియదు, మెడ నిటారుగా పెడుతున్నారు, నొప్పి పుట్టాక తెలుస్తుంది.

నా మూట చిన్నది. రెండు చీరలు, పసుపుదారం ఉండ, కర్ర. కంచె దాకా ఈరక్క వచ్చింది. మేకలు కూడా వచ్చాయి, ఎనిమిది.

"యాడుంటావు?"

"కంచె అవతల ఆ తెల్లరాళ్ళ దిబ్బ ఉంది చూడు. దాని మీద గుడిసె ఏసుకుంటా. ఆడి నుంచి తూము బాగా కనపడుతుంది."

"బయటికి పొమ్మంటే కంచెకు ఆనుకోని కూర్చుంటావా?"

"బయటనే కదా. కాగితంలో ఎంత దూరమో రాయలేదు. పాపను అడిగి కనుక్కున్నా."

ఈరక్క నవ్వాలా తిట్టాలా అని చూసి, రెండూ కొంచెం కొంచెం చేసింది.

"రోజూ దారం ముంచినాక ఒక ముక్క కంచెకు కట్టు ఒదినా. రంగు నేను చూసుకుంటా. పిల్లోళ్ళకు ఇంకా ఎరుపుకూ ఇటుక రంగుకూ తేడా తెలీదు."

"కడతాలే. పసుపుగా వస్తే?"

"వస్తే నాకు బుట్ట ఇయ్యి. మళ్ళీ దూరతా."

కంచె తలుపు దగ్గర కాపలా యంత్రం నన్ను ఆపింది. బయటికి పోయేవాళ్ళు వేలిముద్ర వేయాలట. పెట్టాను. గీతలు లేవంది, తలుపు తీయలేదు. ఇంకోసారి పెట్టాను. తీయలేదు. శిక్ష పడినదాన్ని బయటికి పంపడానికి కూడా వీళ్ళకు చేతకాలేదు. ఆఖరుకు రెండేళ్ళుగా నేను దూరుతున్న కంచె సందులోంచే బయటికి దూరి, అవతల నిలబడి చీర దులుపుకున్నాను.

ఈ పెట్టెను ఇప్పుడు ఫర్జానాకు తిరిగి ఇచ్చేయాలి. చివరిసారి అడుగుతోంది, ఉంచాలా, చెరపాలా అని.

ఉంచు. పేరుతో సహా ఉంచు.